పాత వాషింగ్ మెషిన్ పడేసే ముందు ఒకసారి విప్పి చూడండి

పాత మెషిన్ మొరాయించగానే ఇంట్లో ముందు వినపడే మాట, ఇంక దీని పనైపోయింది కొత్తది తీస్కుందాం అని. కానీ విప్పి చూస్తే చాలాసార్లు మోటారు బానే ఉంటుంది, డ్రమ్ము బానే ఉంటుంది, బాడీ కూడా గట్టిగానే ఉంటుంది, పోయింది వాటి మధ్యలో ఉన్న ఏదో చిన్న సామాను, బెల్టో కెపాసిటరో డ్రైన్ పంపో లేకపోతే నీళ్లొచ్చే వాల్వో. ఆ పార్ట్ మార్చడం నిజంగా పెద్ద విద్యేం కాదు, ఓపిగ్గా స్క్రూలు విప్పి మళ్లీ బిగించగలిగితే చాలు. కష్టమంతా పోయింది ఏదో కరెక్టుగా కనిపెట్టడంలోనే ఉంది. అది తెలీకుండా అనుమానం మీద ఒక్కో పార్టూ కొని మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి, మెషిన్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే కింద రాసిందంతా, మెషిన్ ఏం చేస్తోంది ఏం చెయ్యట్లేదు అని ముందు గమనించి దాన్ని బట్టి ఎక్కడ వెతకాలి అన్న లెక్కలో రాశాను.

ఇంకో సంగతి, పాత మెషిన్లు రిపేరుకి కొత్తవాటికంటే బాగా లొంగుతాయి. పాత ఫ్రంట్ లోడ్ మెషిన్లలో బయట టబ్‌ని రెండు ముక్కలుగా చేసి బోల్టులతోనో క్లిప్పులతోనో బిగించేవాళ్లు, విప్పితే లోపల బేరింగులు చేతికొస్తాయి. ఈమధ్య వచ్చే చాలా మోడల్స్‌లో ఆ రెండు ముక్కల్ని విడదీయడానికి లేకుండా అతికించేస్తున్నారు, బేరింగ్ పోతే టబ్ సెట్టు మొత్తం మార్చాల్సిందే. కాబట్టి మీ ఇంట్లో ఉన్నది పాతదని చిన్నచూపు అక్కర్లేదు.

చెయ్యి పెట్టే ముందు

ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆఫ్ చేశాం కదా అని ఊరుకోవద్దు, స్విచ్ న్యూట్రల్‌ని కట్ చేసేలా ఎవరైనా తప్పుగా వైరింగ్ చేసుంటే ఆఫ్‌లో ఉన్నా లోపల కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకి ఆ వైరు మీ కళ్లముందే పెట్టుకోండి, ఇంకెవరూ తెలీక పెట్టేయకుండా. నీళ్ల టాప్ కట్టేయండి. మోటారు తిరగడానికి ఊపిచ్చే కెపాసిటర్ ఉన్న మెషిన్ అయితే (సెమీ ఆటోమేటిక్ అన్నిట్లో, చాలా టాప్ లోడ్ మెషిన్లలో ఉంటుంది) ప్లగ్గు తీశాక కూడా దాన్లో చార్జ్ నిలవుండొచ్చు, ముట్టుకుంటే గట్టిగా కొడుతుంది. పాతకాలం ఫిలమెంట్ బల్బుని హోల్డర్‌లో పెట్టి దాని రెండు వైర్లనీ కెపాసిటర్ రెండు టెర్మినల్స్‌కీ కొన్ని సెకన్లు ఆనిస్తే చార్జ్ దిగిపోతుంది, ఆ వైర్ల మీద ఇన్సులేషన్ ఉన్నచోటే పట్టుకోవాలి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి షార్ట్ చేసేవాళ్లున్నారు గానీ నిప్పురవ్వ ఎగిరి కంట్లో పడొచ్చు, నా మాట విని బల్బే వాడండి.

ఫ్రంట్ లోడ్ మెషిన్ ఒక్కరే ఒరగబెట్టకండి, డ్రమ్ము అదరకుండా లోపల కాంక్రీటు దిమ్మలు బిగించి ఉంటాయి, మొత్తం 60 నుంచి 80 కేజీల దాకా తూగుతుంది. ఇంకొకర్ని సాయం పిలవండి.

సామాన్ల విషయానికొస్తే స్టార్ స్క్రూడ్రైవర్, పానాల సెట్టు, కటింగ్ ప్లేయర్, టార్చి, ఒక మల్టీమీటర్. మల్టీమీటర్ మాత్రం తప్పకుండా ఉండాలి, ఖరీదైనది అక్కర్లేదు, ఓమ్స్ చూపించి కంటిన్యుటీకి, అంటే వైరు మధ్యలో తెగకుండా ఉంటే, బీప్ కొడితే చాలు, కెపాసిటర్ కూడా కొలిచేదైతే ఇంకా మంచిది. ఇంక అన్నిటికంటే ముఖ్యమైన పనిముట్టు మీ ఫోన్ కెమెరా. వైరు పీకే ప్రతిసారీ ముందొక ఫోటో, పైపు తీసే ముందొక ఫోటో. విప్పేటప్పుడు అన్నీ గుర్తుంటాయి అనిపిస్తుంది, రెండ్రోజులు పార్ట్ కోసం ఆగి మళ్లీ బిగించేటప్పుడు ఎర్ర వైరు ఏ పక్కకుందో ఎవరికీ గుర్తుండదు. మెషిన్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ కూడా ఫోటో తీస్కోండి, పార్ట్ కొనడానికి కంపెనీ పేరు ఒక్కటే చెప్తే చాలదు.

డిస్‌ప్లే ఉన్న మెషిన్ అయితే ఎర్రర్ కోడ్ రాసిపెట్టుకోండి. ఎల్‌జీలో ఓఈ వస్తే నీళ్లు బయటికి పోవట్లేదని, ఐఈ అంటే లోపలికి రావట్లేదని, యూఈ అంటే బట్టలు ఒకపక్కకి పడి బ్యాలెన్స్ తప్పిందని. శాంసంగ్‌లో 4ఈ లేదా 4సీ నీళ్లు రాకపోతే, 5ఈ లేదా 5సీ నీళ్లు పోకపోతే. ఐతే కోడ్ ఏ పని ఆగిందో చెప్తుంది గానీ ఏ పార్ట్ పోయిందో చెప్పదు. ఓఈ చూడగానే పంపు కొనేస్తారు చాలామంది, తీరా చూస్తే ఫిల్టర్‌లో ఒక సాక్సు ఇరుక్కుని ఉంటుంది.

నీళ్లు బయటికి పోవట్లేదు

నీళ్లు పూర్తిగా పోకపోతే మెషిన్ స్పిన్ మొదలెట్టదు కాబట్టి స్పిన్ అవ్వట్లేదని కంప్లైంట్ వచ్చినప్పుడు కూడా ముందు ఇదే చూడాలి.

ఫ్రంట్ లోడ్‌లో కింద మూలన చిన్న మూత ఉంటుంది, దాని వెనక ఫిల్టర్. కొన్ని మెషిన్లలో పక్కనే సన్నటి పైపు ఉంటుంది, ముందు దాంతో నీళ్లు పళ్లెంలోకి దించుకోండి, లేకపోతే ఫిల్టర్ తిప్పగానే నీళ్లన్నీ నేలమీదకొస్తాయి. వేడినీళ్ల వాష్ మధ్యలో ఆగిపోయుంటే చల్లారేదాకా ఆగండి. ఫిల్టర్ తీశాక చిల్లర, పిన్నులు, గుండీలు, బట్టల పీచు ఏదో ఒకటి కచ్చితంగా వస్తుంది. అది కడిగేసి ఊరుకోకుండా టార్చి వేసి లోపల పంపు రెక్కల చక్రాన్ని చూడండి, వేలితోనో పుల్లతోనో తిప్పి చూడండి. ఈ పంపుల్లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి చక్రం ఆగి ఆగి కదిలితే మంచిదే, అది దాని తీరు. అలా కాకుండా ఏ అడ్డూ లేకుండా బొంగరంలా గిర్రున తిరిగితే చక్రం ఇరుసు నుంచి ఊడిపోయిందని, అసలు కదలకపోతే వెంట్రుకలో దారమో చుట్టుకుందని. తర్వాత పంపు రెండు టెర్మినల్స్ మధ్య మీటర్ పెట్టండి, 220-240 వోల్టుల మెషిన్లలో మామూలుగా 100 నుంచి 200 ఓమ్స్ మధ్యలో ఎక్కడో చూపిస్తుంది. మీటర్ అస్సలు కదలకపోతే కాయిల్ కాలిపోయింది, పంపు మార్చండి. రీడింగ్ బాగుండి చక్రం కూడా బాగుంటే పంపుని తప్పుపట్టకండి, టబ్బు నుంచి పంపుకి వచ్చే లావు రబ్బరు గొట్టం ఊడదీసి చూడండి, రుమాళ్లు, చిన్నపిల్లల సాక్సులు దాన్లోనే దాక్కుంటాయి.

టాప్ లోడ్ ఫుల్లీ ఆటోమేటిక్‌లో కథ వేరు. వీటిల్లో చాలావాటికి పంపు ఉండదు, కింద డ్రైన్ వాల్వు ఉంటుంది, దాన్ని డ్రైన్ మోటార్ అనే చిన్న మోటారు తీగతో లాగి తెరుస్తుంది. ఇక్కడ తెలుసుకోవాల్సిన కిటుకేంటంటే అదే తీగ క్లచ్ లివర్ని కూడా లాగుతుంది, అంటే ఉతికేటప్పుడు కింద పల్సేటర్ (టబ్ అడుగున బట్టల్ని తిప్పే చక్రం) ఒక్కటే తిరిగేలా, స్పిన్ అప్పుడు టబ్ మొత్తం తిరిగేలా మార్చేది కూడా ఇదే. కాబట్టి డ్రైన్ మోటార్ పోతే నీళ్లూ పోవు, స్పిన్నూ అవ్వదు, రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయని భయపడి మెషిన్ వదిలేస్తారు గానీ మార్చాల్సింది ఒక్క పార్ట్. వాల్వు లోపలి రబ్బరులో చెత్త ఇరుక్కుంటే దీనికి రివర్స్, నీళ్లు నిలవకుండా పోతూనే ఉంటాయి. సెమీ ఆటోమేటిక్‌లో కూడా అంతే, అక్కడ మోటారు బదులు పైన నాబ్ తిప్పితే పట్టీ లాగుతుంది, ఆ పట్టీ కొక్కెం ఊడినా సాగినా నీళ్లు పోవు.

ఇంకో చిన్న విషయం, ఫ్రంట్ లోడ్‌లో డ్రైన్ పైపు చివర నేలమీద పడేసుంటే నీళ్లు ఒకపక్క నిండుతూ ఇంకోపక్క దానంతటదే జారిపోతుంటాయి. పైపు చివర నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. దీనికి మెకానిక్ అక్కర్లేదు కదా.

నీళ్లు రావట్లేదు, లేదా ఆగకుండా వస్తున్నాయి

టాప్ తిప్పి బకెట్లో ధార ఎలా వస్తోందో చూడండి ముందు. అది బాగుంటే మెషిన్ వెనక పైపు విప్పండి, వాల్వు మూతిలో చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా బయటికి లాగి బ్రష్‌తో రుద్ది మళ్లీ పెట్టేయండి. ఉప్పు నీళ్లు, ఇసుక వచ్చేచోట ఇదొక్కటే సగం కేసులు తేల్చేస్తుంది. అప్పటికీ రాకపోతే వాల్వు కాయిల్ కొలవండి, దగ్గర దగ్గర 4 కిలో ఓమ్స్, అటూ ఇటూ కొంచెం. మీటర్ ఏమీ చూపించకపోతే వాల్వు పోయినట్టే.

ప్లగ్గు తీసేశాక కూడా నీళ్లు కారుతుంటే వాల్వు మూసుకోవట్లేదని, మార్చాలి. ప్లగ్గు తీస్తే ఆగి, పెడితే మాత్రం పొంగిపోయేదాకా వస్తుంటే వాల్వు తప్పు కాదు, నీళ్ల మట్టం చూసే ప్రెజర్ స్విచ్ సంగతి చూడాలి. టబ్ కింద నుంచి ఒక సన్నటి గొట్టం పైన ఆ స్విచ్ దాకా వెళ్తుంది, నీళ్లు పెరిగేకొద్దీ గొట్టంలో గాలి నొక్కుకుని స్విచ్‌కి ఎంత మట్టం ఉందో తెలుస్తుంది. ఆ గొట్టం అడుగున సబ్బు జిగురు పేరుకుని మూసుకుపోతే, లేదా గొట్టానికి చిన్న పగులు వస్తే మెషిన్‌కి నీళ్ల లెక్క తెలీదు. స్విచ్ దగ్గర గొట్టం ఊడదీసి టబ్ వైపుకి మెల్లగా ఊదండి, లోపల బుడగల చప్పుడు రావాలి. స్విచ్‌లోకి కూడా చాలా మెల్లగా ఊదితే పాత రకం వాటిల్లో టిక్కుమంటుంది. గట్టిగా ఊదితే లోపలి పొర చిరుగుతుంది, జాగ్రత్త.

మోటారు గుయ్‌మంటోంది, తిరగట్లేదు

సెమీ ఆటోమేటిక్ వాళ్లకి బాగా తెలిసిన జబ్బు ఇది. ప్లగ్గు తీసి పల్సేటర్‌నో డ్రయ్యర్ టబ్‌నో చేత్తో తిప్పి చూడండి. సులువుగా తిరుగుతోందంటే అనుమానం కెపాసిటర్ మీద. గట్టిగా పట్టేసినట్టుంటే బేరింగో, కిందేదో ఇరుక్కోవడమో, డ్రయ్యర్ అయితే బ్రేకు వదలకపోవడమో. ఆ గుయ్‌మనే చప్పుడు వస్తుంటే మెషిన్‌ని అలాగే నడపొద్దు, తిరగని మోటారు వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది, అప్పుడు చిన్న ఖర్చు కాస్తా పెద్దదవుతుంది.

కెపాసిటర్ మీద ఎన్ని మైక్రోఫారడ్లో రాసి ఉంటుంది, దాని పక్కన ప్లస్ మైనస్ 5 శాతం అని కూడా సాధారణంగా ఉంటుంది. చార్జ్ దించేశాక మీటర్‌తో కొలిస్తే రాసినదానికంటే బాగా తక్కువొచ్చినా, ఉబ్బినట్టున్నా, అడుగున నూనె కారినట్టున్నా మార్చేయండి. కొత్తది అదే మైక్రోఫారడ్లది తీస్కోవాలి, వోల్టు రేటింగ్ మాత్రం పాతదాని అంతైనా ఎక్కువైనా పర్లేదు, తక్కువ పనికిరాదు. వాష్‌కీ స్పిన్‌కీ విడివిడిగా రెండు ఉంటే ఒకదాని వైర్లు ఇంకోదానికి పెట్టకండి, ఫోటోలు తీయమన్నది ఇందుకే.

వాష్ ఒకవైపే తిరిగి రెండోవైపు తిరగకపోతే కెపాసిటర్ జోలికి వెళ్లొద్దు, టైమర్ లోపలి పాయింట్లు కాలి ఉంటాయి, టైమర్ మార్చాలి. మోటారు తిరుగుతున్న చప్పుడు హాయిగా వినపడుతూ పల్సేటర్ కదలకపోతే బెల్టు. వెనక పలక విప్పి చూస్తే తెగి కిందపడి ఉంటుంది లేదా వదులై జారుతుంటుంది, జారితే రబ్బరు కాలిన వాసన కూడా వస్తుంది. వదులైన బెల్టుని మోటారు బోల్టులు కొంచెం లూజు చేసి మోటారుని వెనక్కి జరిపి బిగించొచ్చు, పగుళ్లొస్తే మాత్రం మార్చాలి. బెల్టు మీద నంబర్ ఉంటుంది, ఉదాహరణకి ఫ్రంట్ లోడ్ బెల్టు మీద 1270 జే5 అని ఉంటే 1270 మిల్లీమీటర్ల పొడుగు, జే రకం, 5 గీతలు అని అర్థం. ఆ నంబర్ చెప్పి తెచ్చుకోండి, కంటి అంచనాతో వద్దు.

బెల్టు కూడా బాగుండి బట్టలు బరువుగా ఉన్నప్పుడు మాత్రమే పల్సేటర్ ఆగిపోతుంటే పల్సేటర్ మధ్యలో షాఫ్ట్ మీద కూర్చునే గాడి అరిగిపోయుంటుంది. నడుమ స్క్రూ విప్పేసినా పల్సేటర్ ఊడి రాదు చాలాసార్లు, స్క్రూడ్రైవర్ పెట్టి తన్నితే ప్లాస్టిక్ టబ్ పగులుతుంది. రెండు సన్నటి గట్టి తాళ్లు తీస్కుని చెరొకవైపు పల్సేటర్ అంచు కిందికి దూర్చి రెండు చేతులా సమానంగా పైకి లాగండి, వచ్చేస్తుంది. ఎలాగూ తీశారు కాబట్టి అడుగున పేరుకున్న జిగురంతా కడిగేయండి, బట్టలు చిరుగుతున్నాయని అనుకుంటుంటే ఆ చింపే పిన్ను కూడా అక్కడే దొరుకుతుంది.

డ్రయ్యర్ నెమ్మదిగా తిరుగుతుంటే మూతకి కట్టిన బ్రేకు తీగ చూడండి. మూత వేస్తే తీగ లాగి బ్రేకు వదలాలి, తీస్తే బ్రేకు పట్టాలి. తీగ సాగిపోతే మూత వేసినా బ్రేకు సగం పట్టుకునే ఉంటుంది, మోటారు దాంతో కుస్తీ పడుతుంది, ఇక్కడ తీగ బిగించడమే రిపేరు. మూత తీసినా డ్రయ్యర్ ఆగట్లేదంటే బ్రేకు షూ అరిగింది, అది సరిచేసేదాకా పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వద్దు.

పాత ఫ్రంట్ లోడ్ అయితే కార్బన్ బ్రష్‌లు చూడాలి

బెల్టుతో నడిచే పాత ఫ్రంట్ లోడ్ మోటారుకి రెండు పక్కలా కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, అవి అరిగేకొద్దీ పొట్టిగా అవుతాయి. మొదట్లో స్పిన్ ఒక్కోసారి అయ్యి ఒక్కోసారి అవ్వదు, లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తాయి, కొన్నాళ్లకి డ్రమ్ము అసలు కదలడం మానేస్తుంది. దీనికి మోటారు పోయింది అని తీర్పు చెప్పేయడం నేను చాలాచోట్ల విన్నాను, మనసుకి బాధేస్తుంది, ఎందుకంటే బ్రష్ అనేది అరగడానికే పెట్టిన పార్ట్. మోటారు దింపి బ్రష్ హోల్డర్లు తీసి చూడండి, కార్బన్ ఒక సెంటీమీటర్ కంటే తక్కువ మిగిలితే మార్చండి, ఒకటే అరిగినా రెండూ కలిపి మార్చాలి. బ్రష్ ఆనే రాగి కమ్యుటేటర్ నల్లగా ఉంటే పొడిగుడ్డతో తుడవండి, రాగి ముక్కలు లేచిపోయి గాట్లు పడి ఉంటే మాత్రం అది బ్రష్‌తో తీరేది కాదు. కొత్త బ్రష్‌లు వేశాక మొదట్లో కొన్ని రవ్వలు రావడం మామూలే, ఖాళీ డ్రమ్ముతో తక్కువ స్పీడు వాష్ ఒకటి నడిపితే బ్రష్ మొన కమ్యుటేటర్ వంపుకి సర్దుకుంటుంది. డ్రమ్ముకి నేరుగా మోటారు బిగించిన డైరెక్ట్ డ్రైవ్ మెషిన్లలో ఈ బ్రష్‌లూ ఉండవు బెల్టూ ఉండదు.

డోర్ లాక్ గురించి కూడా చెప్పేస్తాను. తలుపు వేశాక కొన్ని సెకన్లకి టిక్కుమని లాక్ పడకపోతే మెషిన్ ఏమీ మొదలెట్టదు. లోపల వేడెక్కి పనిచేసే చిన్న బిళ్ల ఉంటుంది, వాష్ అయ్యాక నిమిషం రెండు నిమిషాలు తలుపు తెరుచుకోకపోవడం దాని వల్లే, ఆ టైంలో బలవంతంగా లాగితే హ్యాండిల్ విరుగుతుంది.

చప్పుడు, అదురు

ఇక్కడ చెవి పెట్టి వినాలి. స్పిన్‌లో విమానం లేచేటప్పుడు వచ్చేలాంటి హోరు, అది నెలలు గడిచేకొద్దీ పెరుగుతోందంటే బేరింగులు. ప్లగ్గు తీసి తలుపు తెరిచి లోపలి డ్రమ్ముని చేత్తో తిప్పి వినండి, గరగరమంటుంది. డ్రమ్ము అంచు పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి, బయటి టబ్ కదలకుండా లోపలి డ్రమ్ము ఒక్కటే ఆడితే బేరింగ్ లూజైనట్టు. వెనకవైపు టబ్ మధ్యలో తుప్పు రంగు చార కిందికి కారి ఉంటే ఇంక సందేహం లేదు. బేరింగ్ ఊరికే పోదు, దాని ముందుండే ఆయిల్ సీల్ అరిగి నీళ్లు లోపలికి వెళ్లి గ్రీజు కడిగేస్తాయి, అప్పుడు తుప్పు పడుతుంది, అందుకే బేరింగ్ ఒక్కటే మార్చి సీల్ పాతదే ఉంచితే కొన్నాళ్లకి మళ్లీ అదే పని. రెండు బేరింగులూ, సీలూ మూడూ ఒకేసారి.

ఫ్రంట్ లోడ్‌లో ఎక్కువగా కనిపించేవి 6204, 6205, 6206 నంబర్ల బేరింగులు, ఇవి వాషింగ్ మెషిన్‌కే ప్రత్యేకం కాదు, ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతాయి. 6205 అంటే లోపలి బొక్క 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 52, మందం 15. నంబర్ చివర 2ఆర్ఎస్ అని ఉన్నది తీస్కోండి, రెండు పక్కలా రబ్బరు మూత ఉంటుంది. మంచి కంపెనీది కొనండి, ఇక్కడ పొదుపు చెయ్యొద్దు, ఎందుకంటే ఈ పనికి మెషిన్ మొత్తం విప్పి టబ్ బయటికి తియ్యాలి, మొదటిసారి చేసేవాళ్లకి సెలవురోజు మొత్తం పడుతుంది, ఆ కష్టం రెండోసారి పడాలని ఎవరికీ ఉండదు. కొత్త బేరింగ్ కొట్టేటప్పుడు సుత్తి దెబ్బ బయటి రింగు మీదే పడాలి, పాత బేరింగ్‌ని మధ్యలో అడ్డుపెట్టి దానిమీద కొడితే సమానంగా దిగుతుంది. లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగ్ అక్కడికక్కడే చెడిపోతుంది.

టబ్ తెరిచినప్పుడు డ్రమ్ము వెనక మూడు చేతుల అల్యూమినియం ముక్క ఉంటుంది, స్పైడర్ అంటారు. సబ్బునీళ్లకి అది నెమ్మదిగా తినేసుకుపోతుంది, పక్కన స్టీలు డ్రమ్ము ఉండటంతో ఇంకా తొందరగా. రుద్ది కడిగి చేతుల మీద పగులుందేమో చూడండి. బేరింగులు కొనకముందే చూడండి, స్పైడర్ విరిగితే లెక్క మారిపోతుంది.

హోరు కాకుండా దబదబా బాదుకోవడమైతే బేరింగ్ కాదు. ముందు మెషిన్ మూలలు నొక్కి నాలుగు కాళ్లూ నేలకి ఆనుతున్నాయా చూడండి, కాలు తిప్పి సరిచేసి దాని నట్టు పైకి బిగించేయండి. టాప్ లోడ్‌లో టబ్‌ని చేత్తో కిందికి నొక్కి వదలండి, ఒకసారి పైకొచ్చి ఆగిపోవాలి, ఊయల్లా ఊగుతూనే ఉంటే టబ్‌ని వేలాడదీసే సస్పెన్షన్ రాడ్లు నీరసించాయి, నాలుగూ కలిపి మార్చాలి. ఫ్రంట్ లోడ్‌లో ఆ పని కింద ఉన్న షాక్ అబ్జార్బర్లది. కాంక్రీటు దిమ్మ బోల్టులు వదులైనా ఇలాగే బాదుతుంది, పానా పెట్టి బిగిస్తే పోతుంది. టాప్ లోడ్ లోపలి టబ్ పైఅంచున బ్యాలెన్స్ రింగు ఉంటుంది, దాన్లో ఉప్పునీళ్లు నింపి సీల్ చేస్తారు, పగిలి కారిపోతే కాళ్లు ఎంత సరిచేసినా స్పిన్‌లో అదురు తగ్గదు.

కారడం, షాకు కొట్టడం

ఎక్కడ కారుతోందో కనిపెట్టడానికి మెషిన్ కింద పొడి పేపర్లు పరిచి నడపండి, మొదటి తడి ఎక్కడ పడిందో చూడండి. ముందుపక్కైతే డోర్ రబ్బరు, దాని మడతల్లో చిరుగు. సబ్బు పెట్టె దగ్గరైతే సబ్బు ఎక్కువేసి నురగ పొంగడం. సెమీ ఆటోమేటిక్‌లో డ్రయ్యర్ కింద పడుతుంటే మాత్రం ఇవాళే చూడండి, షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు సీల్ పోతే నీళ్లు నేరుగా స్పిన్ మోటారు మీద పడతాయి.

మెషిన్ ముట్టుకుంటే జిల్లుమంటే ముందు ప్లగ్గు తీసి సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చాలా ఫుల్లీ ఆటోమేటిక్ మెషిన్లలో కరెంటు లైనులో గోలని ఆపే లైన్ ఫిల్టర్ ఉంటుంది, ఎర్త్ లేకపోతే దానివల్లే బాడీకి కొంచెం కరెంటు వస్తుంది, లోపల పార్ట్ ఏదీ పాడవ్వకపోయినా సరే. ఎర్త్ బాగుండి, నీళ్లు వేడెక్కే టైంకి కచ్చితంగా బ్రేకర్ పడిపోతుంటే హీటర్ లీకవుతోంది. హీటర్ వైర్లు తీసేసి రెండు టెర్మినల్స్ మధ్య కొలిస్తే 2000 వాట్లదానికి 26 ఓమ్స్ దగ్గర రావాలి, టెర్మినల్‌కీ హీటర్ లోహానికీ మధ్య మాత్రం ఏమీ రాకూడదు. వస్తే మార్చేయండి. హీటర్ మీద తెల్లగా పొర కట్టడం మామూలే, ఖాళీ డ్రమ్ములో సిట్రిక్ యాసిడ్ పొడి వేసి వేడినీళ్లలో ఒక వాష్ నడిపితే కరుగుతుంది. దాంతో పాటు బ్లీచ్ ఎట్టిపరిస్థితుల్లో కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

బోర్డు పోయిందన్నారు

ఏం చెయ్యాలో తెలీనప్పుడు చాలామంది మెకానిక్కులు తప్పుని బోర్డు (మెషిన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ పలక) మీదకి తోస్తారు. ఒప్పుకునే ముందు బోర్డుకి వచ్చే కనెక్టర్లన్నీ ఒక్కోటీ పీకి, పిన్నుల మీద పచ్చగా తుప్పు ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మళ్లీ గట్టిగా పెట్టండి. కరెంటు హెచ్చుతగ్గులకి మెషిన్ చచ్చినట్టు పడుంటే బోర్డు మీద ఫ్యూజు, దాని పక్కనుండే బిళ్ల లాంటి వేరిస్టర్ చూడండి, వేరిస్టర్ పగిలి నల్లబడితే అది తన పని చేసి మిగతా బోర్డుని కాపాడిందన్నమాట, ఆ రెండూ మారిస్తే చాలాసార్లు లేస్తుంది. రిలే (బోర్డు మీదుండే స్విచ్ లాంటి పార్ట్) కాళ్ల దగ్గర టంకం చుట్టూ సన్నటి పగులు కనిపిస్తే మళ్లీ టంకం వేయించాలి. ఇది టీవీలు బాగుచేసే ఏ మంచి టెక్నీషియన్ అయినా చేస్తాడు, వాషింగ్ మెషిన్ మెకానిక్కే అక్కర్లేదు. బోర్డు మొత్తానికి ప్లాస్టిక్ లాంటి జిగురు పోసేసి ఉంటే మాత్రం ఇవన్నీ కుదరవు.

ఎప్పుడు వదిలేయాలి అని కూడా చెప్పాలి కదా. స్పైడర్ విరిగి డ్రమ్ము కూడా పాడైతే, బయటి టబ్ పగిలితే, కింద చట్రం తుప్పు పట్టి బోల్టు నిలవకపోతే, బోర్డు ఎక్కడా దొరక్కపోతే, అప్పుడు నేనైనా ఆపేస్తాను. మొత్తం పార్టుల ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కూడా ఆలోచించాలి. ఐతే అలా వదిలేసే మెషిన్ నుంచి మోటారు, పంపు, వాల్వు, రాడ్లు తీసి పక్కన పెట్టుకోండి, అదే మోడల్ ఉన్నవాళ్లకి అవి బంగారం.

అంతా బిగించాక వెంటనే బట్టలు వెయ్యకండి. వెనక పలక పెట్టకముందే చేత్తో డ్రమ్ము తిప్పి ఏ వైరూ బెల్టుకి తగలట్లేదని చూసి వైర్లన్నీ టైలతో కట్టేయండి. తర్వాత పలక బిగించి, నీళ్ల టాప్ తెరిచి, కింద పొడి పేపర్లు పరిచి, చిన్న వాష్ ఒకటి ఖాళీగా నడపండి, నీళ్లు నిండటం, తిరగడం, బయటికి పోవడం, స్పిన్ అన్నీ పక్కనే నిలబడి చూడండి. పేపర్లు పొడిగా ఉంటే రెండోసారి నాలుగు టవళ్లు వేసి నడపండి, టవళ్లు నీళ్లు బాగా పీలుస్తాయి కాబట్టి స్పిన్‌లో మెషిన్ ఎంత బరువు మోయగలదో, అదురుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. కొత్త బెల్టు వేసుంటే కొన్ని వాష్‌ల తర్వాత ఇంకోసారి వెనక పలక విప్పి బిగువు చూస్కోండి, మొదట్లో కొంచెం సాగుతుంది.